మాల వేసుకున్న మూడో రోజు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మాది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు ఒక పల్లె. మా తమ్ముడి గురించి రాస్తున్నాను.

వాడు ఏటా గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి, అంటే వలస కూలికి పోయేవాడు. ఒళ్లు నొప్పులకని మొదలైన తాగుడు, పదేళ్లకు పొద్దున్నే ఒక క్వార్టర్ పడకపోతే చేతిలో టీ గ్లాసు నిలవని దాకా వచ్చింది. రెండేళ్ల కిందట కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు ముట్టడు కదా అని మా అమ్మ ఎంత సంతోషపడిందో! నిజంగానే చుక్క ముట్టలేదు. రెండో రోజు రాత్రికి ఒళ్లంతా వణుకు. మూడో రోజు "చీమలక్కా, చీమలు" అంటూ దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతూ కూర్చున్నాడు. నియమం తప్పాడు, స్వామికి కోపం వచ్చిందన్నారు ఊళ్లో. తెల్లారకముందే ఫిట్స్ వచ్చాయి.

దగ్గర్లో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి ఇంటికి పంపేశారు. కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి ఇంకో రోజు గడిచింది. అసలు సంగతి అక్కడే తెలిసింది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి చలించవచ్చు, ప్రాణమే పోవచ్చు. డయాజెపామ్ లాంటి మందు ఇచ్చి, దాని మోతాదును మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. తాగుడుతో తిండి మానేసిన ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటిపోయి ఉంటుంది. ఆ ఇంజెక్షన్ ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

తమ్ముడు బతికాడు. కానీ పాపను బడిలో దింపి ఇంటికొచ్చి, "పాప ఏదక్కా?" అని అడుగుతాడు. వాడికి ముప్పై ఆరేళ్లు.

2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. 2024 అక్టోబరు నాటి కొత్త విధానంతో మన రాష్ట్రంలో 99 రూపాయలకే క్వార్టర్ వచ్చింది. అమ్మకం గురించి మీ ప్రభుత్వంతో వాదించడానికి రాయలేదు ఈ లేఖ. తాగేవాడికి అంత దగ్గరగా సరుకు చేరుతున్నప్పుడు, మానేయాలనుకున్నవాడికి వైద్యం కూడా అంతే దగ్గరగా ఉండాలి కదా?

అందుకే అడుగుతున్నాను. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీ1 ఇంజెక్షన్లు, డయాజెపామ్ లాంటి మాత్రలు ఉంచండి. "తాగుడు ఎప్పుడు ఆపారు?" అని అడగడం అక్కడి సిబ్బందికి నేర్పించండి. ఉన్నట్టుండి మానొద్దు, ముందు డాక్టరుకు చూపించుకోమని ఆశా అక్కలతో ఇంటింటికీ చెప్పించండి. 14446కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. మద్యం షాపు గోడ మీదే ఆ నంబరు రాయించండి. గురుస్వాములతోనూ మాట్లాడండి, మాల వేసేముందు తాగుడు గురించి వాళ్లు అడిగితే ఎవరూ దాచరు.

కార్తీకం వచ్చేలోపు ఈ మందులు మా పల్లెలకు చేరాలి. మా ఊళ్లో ఈసారి మాల వేసుకుంటామన్న వాళ్లలో రోజూ తాగేవాళ్లు ముగ్గురున్నారు.

ఇట్లు,
పత్తికొండ ప్రాంతపు ఒక అక్క