ఫోమ్ బోర్డు స్కేల్ యుద్ధవిమానాల నిర్మాణం: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. గడచిన ఏడాది మన సంఘం ఫోమ్ బోర్డుతో (రెండు కాగితాల మధ్య నురుగు ఉన్న పలక) చేపట్టిన, రేడియోతో నడిపే చిన్న విమాన నమూనాల నిర్మాణాలను, వాటిలో చక్కగా ఎగిరినవాటితోపాటు నేల కూలినవాటిని కూడా దాచకుండా చెబుతూ, వచ్చే ఏడాదికి మేము చేస్తున్న ప్రతిపాదనలను ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాను. ఆదాయవ్యయాల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు కాబట్టి ఇక్కడ వాటిని ప్రస్తావించడం లేదు.

కిందటి సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు ఈ ఏడాది ఉమ్మడి నిర్మాణానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం సూపర్‌మెరైన్ స్పిట్‌ఫైర్‌ను తీసుకున్నాం. ఆర్. జె. మిచెల్ రూపొందించిన ఈ విమానం 1936 మార్చి 5న తొలిసారి గాలిలోకి లేచింది. దాని రెక్కల పొడవు ఒక కొస నుంచి మరో కొసకు 11.23 మీటర్లు, వైశాల్యం సుమారు 22.5 చదరపు మీటర్లు. పదో వంతుకు కుదిస్తే రెక్క 112 సెంటీమీటర్లు వస్తుంది. ఇంట్లో బల్ల మీద కట్టుకోవడానికి వీలుగా ఉంటూ, ఆకాశంలో రూపురేఖలు స్పష్టంగా కనిపించేందుకు ఈ కొలత సరిపోతుందని అందరం ఒప్పుకున్నాం.

అయితే స్కేలు లెక్క అన్నింటికీ ఒకేలా వర్తించదన్న సంగతి మొదటి నమూనాతోనే అనుభవంలోకి వచ్చింది. పొడవు పదో వంతైతే వైశాల్యం నూరో వంతు, బరువు వెయ్యో వంతు అవుతాయి. ఆయుధాలతో, ఇంధనంతో నిండిన తొలి స్పిట్‌ఫైర్‌లు రకాన్నిబట్టి రెండున్నర, మూడు టన్నులు తూగేవి. వెయ్యో వంతు అంటే రెండున్నర, మూడు కిలోలు. 22.5 చదరపు డెసిమీటర్ల రెక్క మీద అంత బరువు మోపితే, అది గాలిలో నిలవడానికి కావలసిన వేగంతో మన మైదానంలో దించడం సాధ్యం కాదు. కాబట్టి చదరపు డెసిమీటరుకు 40 గ్రాములు మించకూడదనుకుని, బ్యాటరీతో కలిపి 900 గ్రాముల హద్దు పెట్టుకున్నాం.

మొదటి నమూనా 1,150 గ్రాములు తూగింది. చూపులకు అది ఈ ఏడాది మనం కట్టిన వాటన్నింటిలోకీ అందమైనది. గాలిలో బాగానే తిరిగింది, కానీ దిగడానికి వేగం తగ్గించి చివరి మలుపు తీసుకుంటుండగా ఎడమ రెక్క కొస ఒక్కసారిగా పడిపోయి, విమానం ముక్కుతో నేలను తాకింది. బరువు నాలుగో వంతుకు పైగా పెరిగినప్పుడు స్టాల్ వేగం (అంతకంటే నెమ్మదిస్తే రెక్క విమానాన్ని గాలిలో నిలపలేని వేగం) సుమారు ఎనిమిదో వంతు పెరుగుతుంది. పైలట్ చేతికి అలవాటైన దిగుడు వేగం ఆ రోజు చాలలేదు. తప్పు పైలట్‌ది కాదని, నిర్మాణానిదని కార్యవర్గం స్పష్టంగా నమోదు చేస్తోంది.

ఆ అదనపు బరువు ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికి శిథిలాలను ముక్కముక్కగా తూచాం. ఈ ఏడాది మనం చేసిన పనులన్నింటిలోనూ నాకు మిక్కిలి విలువైనదిగా తోచింది ఇదే. అసలు స్పిట్‌ఫైర్ ముక్కులో మెర్లిన్ ఇంజన్ ఒక్కటే 600 కిలోలకు పైన ఉండేది, అంటే మొత్తం బరువులో ఇంచుమించు నాలుగో వంతు. మన బ్రష్‌లెస్ విద్యుత్ మోటారు 60 గ్రాములు కూడా ఉండదు. అందువల్ల రూపం ఎంత కచ్చితంగా దించితే విమానం అంతగా తోక వైపు మొగ్గుతుంది. గురుత్వ కేంద్రం నుంచి తోక సుమారు 60 సెంటీమీటర్ల వెనుక ఉంటే, బ్యాటరీ పెట్టే చోటు 20 సెంటీమీటర్ల ముందే ఉంది. తోకలో పెరిగిన ప్రతి 10 గ్రాములకూ ముక్కులో 30 గ్రాములు చేర్చక తప్పదు. మొదటి నమూనాలో తోక అతుకుల దగ్గర దట్టంగా పోసిన హాట్ గ్లూ, రెండు పూతల రంగు, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కోసం తోకలోనే బిగించిన సర్వో (ఆ పలకను కదిలించే చిన్న మోటారు) కలిసి ముక్కులో సీసం ముక్కలు పెట్టించాయి.

రెండో నమూనాలో సర్వోలను రెక్క కిందికి తెచ్చి, సన్నని కార్బన్ కడ్డీలతో తోకకు కలిపాం. తోక భాగంలో ఫోమ్ బోర్డు లోపలి వైపు కాగితాన్ని ఒలిచేశాం. బ్యాటరీని మోటారు వెనుక గోడను ఆనుకునేలా ముందుకు జరిపాం. సీసం అవసరమే రాలేదు. విమానం 900 గ్రాముల హద్దులోనే నిలిచింది, గురుత్వ కేంద్రం సగటు రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి 27 శాతం దగ్గర కుదిరింది.

రెక్క విషయంలో ఒక మాట వివరంగా చెప్పాలి. ఫోమ్ బోర్డు సరళరేఖ వెంట మాత్రమే చక్కగా మడత పడుతుంది. ఒక వైపు కాగితాన్నీ, నురుగునూ కోసి, రెండో వైపు కాగితాన్ని కీలుగా వదలడమే మన పద్ధతి. స్పిట్‌ఫైర్ రెక్క దీర్ఘవృత్తాకారం కావడంతో ముందు అంచులో అటువంటి మడత కుదరదు. పై, కింది పొరలను వేర్వేరుగా కోసి, అంచులను ఏటవాలుగా గీకి అతికించవలసి వచ్చింది. దానికి ఓపిక కావాలి, ఇసుక కాగితం ఇంకా ఎక్కువ కావాలి. అసలు విమానంలో రెక్క ముందు అంచు మొదట్లో 2 డిగ్రీలు పైకి, కొస దగ్గర అర డిగ్రీ కిందికి ఉండేలా మెలి ఇచ్చారు. కొస కంటే మొదలు ముందుగా స్టాల్ కావడానికే ఆ ఏర్పాటు. మనం రెక్కను అతికించేటప్పుడు కొసల వద్ద వెనుక అంచు కింద ఫోమ్ పట్టీ పెట్టి ఆ మెలిని తెచ్చాం. రెండో నమూనా నెమ్మదించినప్పుడు కొస పడిపోకుండా ముక్కు మెల్లగా వాలిందంటే, తగ్గిన బరువుతోపాటు ఈ మెలి కూడా కారణమే.

రంగుల పనిలో జూన్ 1944 నాటి నలుపు తెలుపు పట్టీలు వేయాలని చాలామంది కోరారు. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగడానికి ముందు, స్వపక్షం విమానాలను గుర్తుపట్టేందుకు వేసిన పట్టీలవి: మూడు తెల్లవి, రెండు నల్లవి, ఒక్కొక్కటి 18 అంగుళాల వెడల్పు. మన స్కేలులో అది 4.6 సెంటీమీటర్లు. ఆనాడు చాలా విమానాలకు హడావుడిగా చేతి కుంచెలతోనే వేశారు కాబట్టి అంచులు కొంచెం వంకరగా ఉన్నా అది లోపం కాదని నా అభిప్రాయం. సాధారణ స్ప్రే రంగుల్లోని ద్రావకం పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. నీటితో కలిపే యాక్రిలిక్ రంగునే పలుచగా వాడవలసిందిగా కోరుతున్నాను.

భద్రత గురించి. మోటారు పరీక్షించేటప్పుడు బల్ల మీద ప్రొపెల్లర్ తిరిగి ఒక సభ్యుని వేలికి గాయమైంది, ఆయన కోలుకున్నారు. ఇకమీదట ఇంట్లో, బల్ల మీద ఏ పరీక్షకైనా ప్రొపెల్లర్ విప్పి ఉంచడం తప్పనిసరి. సిగ్నల్ తెగితే మోటారు ఆగిపోయేలా రిసీవర్‌ను అమర్చి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూపించిన తరువాతే మైదానంలోకి అనుమతిస్తాం. లిథియం పాలిమర్ బ్యాటరీలను ఎవరూ దగ్గర లేకుండా ఛార్జ్ చేయరాదు. వారాల తరబడి పక్కన పెట్టేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి.

వచ్చే ఏడాది ఉమ్మడి నిర్మాణానికి మస్టాంగ్, కోర్సెయిర్ అనే రెండు అమెరికన్ యుద్ధవిమానాల పేర్లు వచ్చాయి. మస్టాంగ్ రెక్క అంచులు దాదాపు సరళంగా ఉంటాయి కాబట్టి కొత్తవారికి మడత పని తేలిక. కోర్సెయిర్ రెక్క మొదట కిందికి, ఆపైన పైకి వంగి ఉంటుంది. 13 అడుగులు దాటిన ప్రొపెల్లర్ నేలకు తగలకుండా, చక్రాల కాళ్లు పొట్టిగా ఉంచడానికి చేసిన వంపు అది. ఆ వంపు దగ్గర ఎగురుడు భారం ఎక్కువగా పడుతుంది గనుక ప్లైవుడ్ బద్దతో కలపకుండా ఫోమ్ నిలవదు. కార్యవర్గం మస్టాంగ్‌ను సిఫారసు చేస్తోంది. కోర్సెయిర్ చేయదలచిన అనుభవజ్ఞులు రెక్క అతుకును విడిగా కట్టి, బరువు వేలాడదీసి పరీక్షించి, ఫలితాన్ని సర్వసభ్య సమావేశానికి తీసుకురావలసిందిగా కోరుతున్నాం. ఏ విమానం ఎంచుకున్నా, ప్రతి భాగం బరువును అతికించకముందే తూచి రాసే పట్టికను నక్షాతో జతచేయాలన్న ప్రతిపాదనను ఆ సమావేశంలోనే ఓటుకు పెడతాం.

కార్యదర్శి