చెవికి క్లిప్పు పెట్టుకున్నా కసరత్తు మానొద్దు

సంపాదకుల వారికి,

చెవికి క్లిప్పు తగిలించి, సన్నగా కరెంటు పంపి పక్షవాతం నయం చేస్తారని మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. నేను చంద్రగిరిలో ఫిజియోథెరపిస్టుని. ఆ వార్త వచ్చినప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఆ మిషన్ గురించే అడుగుతున్నారు. పాకాల నుంచి భర్తను తీసుకొచ్చే ఒక పెద్దావిడ ఆ పేపర్ ముక్కను మాత్రల కవర్లో పెట్టుకొచ్చింది. "మేడమ్, ఈ మిషన్ మీ దగ్గర ఉండాదా? ఉంటే ఈ కసరత్తులు మానేస్తాం" అంది. నాకు భయమేసింది.

వార్తలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. పక్షవాతంతో పడిపోయిన చేతికి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది చెవి క్లిప్పుకి కాదు. ఆపరేషన్ చేసి ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టే పరికరానికి. దాని తీగ మెడలోని వేగస్ నరానికి (మెదడు నుంచి మెడ మీదుగా గుండె, కడుపు దాకా వెళ్లే నరం) చుట్టి ఉంటుంది. పక్షవాతం వచ్చి తొమ్మిది నెలలైనా దాటిన 108 మంది మీద అమెరికా, బ్రిటన్‌లలో దాన్ని పరీక్షించారు. అందరికీ ఆపరేషన్ చేశారు. ఆరు వారాలు అందరిచేతా ఒకే వ్యాయామం చేయించారు, పూటకి మూడు వందలకు పైగా కదలికలు! చెయ్యి కదిపినప్పుడల్లా పక్కనున్న థెరపిస్టు బటన్ నొక్కితే అర సెకను కరెంటు వెళ్తుంది. పనిచేసేంత కరెంటు అందింది మాత్రం సగం మందికే. మూడు నెలల తర్వాత చూస్తే వాళ్లలో 47 శాతం మందికి చెయ్యి చెప్పుకోదగ్గంత మెరుగైంది. అంత కరెంటు అందకుండా వ్యాయామం చేసినవాళ్లలోనూ 24 శాతం మందికి మెరుగైంది. ఈ రెండో లెక్క మీ వార్తలో లేదు. నా రోగులకు ముందు తెలియాల్సింది అదే. ఆ పరీక్షలో వ్యాయామం లేకుండా ఒట్టి పరికరాన్ని ఎవరికీ వాడలేదు.

పాకాల పెద్దావిడ భర్త కుడి చేతి వేళ్లు మొదట్లో పిడికిలిగా బిగుసుకుపోయి ఉండేవి. ఇప్పుడు బట్టల క్లిప్పు నొక్కి తీగకి పెడుతున్నాడు. బొటనవేలు వణుకుతుంది, ఒక్కోసారి క్లిప్పు జారి పడుతుంది, మళ్లీ తీసి పెడతాడు. ఇప్పుడు మానేస్తే ఆ వేళ్లు మళ్లీ ముడుచుకుపోతాయి.

వేగస్ నరం కొమ్మ ఒకటి చెవిలోకీ వస్తుంది. చెవిలో పుల్ల తిప్పితే కొందరికి దగ్గొచ్చేది అందుకే. కోత లేకుండా పైనుంచే ఆ కొమ్మని తట్టిలేపాలన్నది మంచి ఆలోచన. చిన్న అధ్యయనాలు ఆశ కలిగిస్తున్నాయి, నాకూ ఆశ ఉంది. కానీ పక్షవాతానికి అదింకా ప్రయోగ దశలోనే ఉంది.

ప్రయోగమంటే డబ్బు గుంజే పని కాకూడదు. నాకు తెలిసిన ఒక కుటుంబం చేత వేరే ఊళ్లోని ఒక సెంటర్ ఈ చికిత్సకి 'ట్రయల్' (ప్రయోగం) అని చెప్పి సిట్టింగులన్నిటికీ ముందే డబ్బు కట్టించుకుంది. సంతకం పెట్టించిన కాగితమంతా ఇంగ్లీషు. ఇంటర్ చదివే మనవరాలు దాన్ని నాకు చూపించింది. అందులో ట్రయల్ నమోదు నంబరు లేదు, రోగులకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఊసు లేదు. కరెంటు పెట్టే ముందు, గుండెకి పేస్‌మేకర్ ఉందా అని కూడా అడగలేదు. నిజమైన ట్రయల్ అయితే రోగికి తెలిసిన భాషలో అంతా వివరించాలి. పరిశోధన కోసం చేసే చికిత్సకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలో మందుల ట్రయల్స్‌ని సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. పరికరాల ట్రయల్స్ కూడా అందులోనే నమోదవుతాయి. ఆ వెబ్‌సైట్‌ని ఫోన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఇలాంటి వార్త వేసినప్పుడు ఆ చికిత్సకి ఏ జబ్బుకి అనుమతి ఉందో, ఏ జబ్బుకి ఇంకా ప్రయోగమో అదే వార్తలో రాయండి. ట్రయల్ ఎక్కడైనా జరుగుతుంటే దాని నమోదు నంబరు వేయండి. పాత వార్తకి సవరణ కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో రావాలని కోరుతున్నాను.

– ఒక ఫిజియోథెరపిస్టు, చంద్రగిరి, తిరుపతి జిల్లా