నా వేలికి తొడుగు చేసిన ఆటోనగర్ మేస్త్రి గారికి

నిన్న రాత్రి గుంటూరులో వాయించి ఇంటికొచ్చేసరికి తెల్లారిపోయింది. భుజాలు లాగేస్తున్నాయి, ఎడమ చెయ్యి వాచింది, నిద్ర మాత్రం రావట్లేదు. ఈ థాంక్స్ ఇప్పుడే రాసేయాలి, రేపటికి వదిలేస్తే మొహమాటపడి రాయను.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. నేను గిటారిస్టుని. పెళ్ళిళ్ళకీ దసరా పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు వాయించి నాలుగు డబ్బులు తెచ్చుకుంటాం, ఆ డబ్బుతో బెజవాడ పటమటలో ఒక గది అద్దెకి తీసుకుని, గోడలకి పాత పరుపులు కొట్టి, మాకిష్టమైన హార్డ్ రాక్ వాయించుకుంటాం. పెళ్ళిలో ఆఖరున "ఒక్కటి మాది వాయిస్తాం సార్" అని బతిమాలితే పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ సరే అంటారు, అది సగంలో ఉండగా పెళ్ళికూతురి మేనమామ వచ్చి ఆపమంటాడు. మా బ్యాండ్ జీవితం ఇంతే.

వేసవిలో అలాంటి ఒక పెళ్ళి అయ్యాక సామాను టాటా ఏస్ ఎక్కిస్తుంటే స్పీకర్ బాక్సు జారింది. బాక్సుకీ బండి ఇనుప అంచుకీ మధ్య నా ఎడమచేతి ఉంగరం వేలు పడింది. గోరుతో సహా చివరి కణుపు సగం పోయింది. అతికించడం కుదరదన్నారు, ఎముక చివర నున్నగా చేసి కుట్టేశారు.

గిటార్ పట్టుకున్నవాళ్ళకి ఆ వేలంటే ఏంటో తెలుసు. పవర్ కార్డ్, అంటే రాక్‌లో రెండు స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది, పట్టాలంటే చూపుడు వేలూ ఉంగరం వేలూ. తీగని పక్కకి నెట్టి స్వరాన్ని సాగదీయాలంటే ముందు నిలబడేది ఉంగరం వేలే, మిగతా రెండు వేళ్ళు వెనక నుంచి బలమిస్తాయి. పైగా నేను వేగంగా వాయించేవాణ్ణి కాదు. తక్కువ స్వరాలు, ఒక్కోదాన్నీ పట్టుకుని లాగి, ఊపి, వదిలిపెట్టడం నా పద్ధతి. అది నాకు అబ్బింది మొదట ఏ ఇంగ్లీష్ గిటారిస్టు దగ్గరా కాదు, మాండలిన్ శ్రీనివాస్ గారి దగ్గర. పాలకొల్లులో పుట్టిన మనిషి, మాండలిన్‌కి ఉండే జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలతో, కరెంటు పెట్టి గమకం పలికించాడు. నాన్న దగ్గర ఆయన క్యాసెట్లు ఉండేవి. రిచీ బ్లాక్‌మోర్, ఆంగస్ యంగ్ లాంటి రాక్ గిటారిస్టులందరూ నా చెవిన పడింది ఆ తర్వాతే.

దెబ్బ తగిలిందని తెలియగానే నాకు తెలిసిన ప్రతి రాక్ పిచ్చోడూ టోనీ అయోమీ కథ పంపించాడు. బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ గిటారిస్టు. 1965లో, 17 ఏళ్ళప్పుడు, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని, అదీ అక్కడ ఆఖరి రోజు, మెషీన్ కింద కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు పోయాయి. ఎడమచేతివాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చేత్తోనే. నాకిది ఎప్పటినుంచో తెలిసిన కథే, నలుగురికీ నేనే చెప్పేవాణ్ణి. మన వేలు పోయాక వింటే మాత్రం ఒళ్ళు మండుతుంది. "చూడు, ఆయన చేశాడుగా" అనేవాళ్ళెవరికీ పది వేళ్ళలో ఏదీ పోలేదు.

ఆ కథలో అయోమీ మీద నాకు అసూయ కలిగింది ఒక్కందుకే, ఆయనకి అలాంటి ఫోర్‌మన్ దొరికాడు. ఇక వాయించలేనని కూర్చున్న కుర్రాడి దగ్గరికి ఫోర్‌మన్ ఒక రికార్డు పట్టుకొచ్చి వినిపించాడు. అది జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌ది. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు దాదాపు పనికిరాకుండా పోయినా, మిగిలిన వాటితో వాయించిన మనిషి. ఎవరో ఒకరు ఇంటికొచ్చి చెప్పాలి కదా అలా. నా దగ్గరికి వచ్చినవి ఫారాలు.

చెప్పేస్తాను, లేకపోతే కడుపు మండుతుంది. రక్తం కారుతుంటే మొదటి ఆస్పత్రి వాళ్ళు డిపాజిట్ కట్టమన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళు 24 గంటలు అడ్మిట్ కాలేదు కాబట్టి క్లెయిమ్ రాదన్నారు. ఇంకో ప్రమాద బీమా ఉంటే అది తీశాం, అందులో పట్టిక ఉంది, కణుపు మొత్తం పోతే ఒక లెక్క, సగం పోతే లెక్కలోకే రాదట. అంటే ఇంకో కాస్త పోయి ఉండాల్సింది. వృత్తి దగ్గర "సంగీతం" అని రాస్తే కౌంటర్‌లో కుర్రాడు "అది కాదండీ, పని ఏం చేస్తారు?" అన్నాడు. ఆర్కెస్ట్రా వాళ్ళకి ఈఎస్‌ఐ లేదు, పీఎఫ్ లేదు, పెళ్ళి సీజన్ పోతే ఆ ఏడాది పోయినట్టే.

మేస్త్రి గారు తగిలింది అనుకోకుండా. మా డ్రమ్మర్ సింబల్ స్టాండు మరలు అరిగిపోతే ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి తీసుకెళ్ళాం. నేను ఊరికే తోడు వెళ్ళాను. ఆయన స్టాండు చేతిలోకి తీసుకుని, నా వేలు చూసి, "ఏ ప్రెస్సు బాబూ?" అని అడిగారు. ప్రెస్సు కాదండీ, స్పీకర్ బాక్సు అన్నాను. ఆయన తన కుడిచెయ్యి ముందుకు చాపారు. చూపుడు వేలు చివరి కణుపు లేదు. పవర్ ప్రెస్సు, రేకులు నొక్కే మెషీన్, కుర్రతనంలో. "చలికాలంలో జివ్వుమంటది, రెండేళ్ళు పోతే మరిచిపోతావ్" అన్నారు. అందరూ నాతో ధైర్యంగా ఉండమన్నారు. ఎప్పుడు జివ్వుమంటుందో చెప్పింది ఈయనొక్కరే.

మాటల్లో అయోమీ సంగతి ఆయనకీ చెప్పాను. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడని, తోలు ముక్క అంటించుకున్నాడని. మేస్త్రి గారికి ఆయన ఎంత గొప్పవాడైతే ఏంటి. "తోలు లోపల వేశాడా, పైన వేశాడా?" అని అడిగారు. పైన, తీగ జారకుండా, అన్నాను. "తెలివైనోడే" అని వెర్నియర్ కొలబద్ద తీసి నా వేలు కొలిచారు. కుట్టు దగ్గర గాలి తగిలినా ఉలిక్కిపడేవాణ్ణి, ఆయన కొలిచినప్పుడు నొప్పి తెలియలేదు.

మొదటిది అల్యూమినియంతో చేశారు. తీగ మీద పెడితే కీచుమని అరిచింది. తర్వాత నైలాన్ రాడ్డు లేత్ చక్‌లో బిగించి, లోపల వేలి ఆకారానికి తగ్గట్టు పైన సన్నగా కింద వెడల్పుగా బోరింగ్ చేశారు. అది బాగుంది కానీ చెమటకి జారింది, మే నెల బెజవాడలో జారక ఏం చేస్తుంది. పక్క రోడ్డులో చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర మెత్తటి తోలు తెచ్చి, పంక్చర్లకి వాడే సొల్యూషన్‌తో అంటించారు. తోలు మందమై తీగ కింద పడ్డట్టు కూడా తెలియలేదు, మళ్ళీ పల్చటిది వెతికారు. ఇదంతా గేర్ల పనులూ బుష్‌ల పనులూ ఆర్డర్లు ఉండగా, భోజనం టైములో. డబ్బులు ఇవ్వబోతే "జాబ్ పూర్తి కాలేదుగా, అప్పుడే డబ్బులేంటి" అన్నారు. ప్రతిసారీ అదే మాట. ఆ జాబ్ ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఒక ఆదివారం చెప్పకుండా మా గదికే వచ్చేశారు, చొక్కా జేబులో చిన్న ఆకురాయి పెట్టుకుని. నువ్వు వాయిస్తుంటే ఎక్కడ తగులుకుంటుందో చూడకుండా ఎట్లా చెయ్యను అన్నారు. నేను వాయించడం, ఆయన ఆపమని తొడుగు తీసుకుని రెండు గీతలు రాయడం, మళ్ళీ ఇవ్వడం. మధ్యలో నేను ఒక స్వరాన్ని పట్టి లాగాను. దెబ్బ తగిలాక మొదటిసారి అది అనుకున్న చోటికి చేరింది. ఆయనకి శ్రుతి తెలియదు. నా మొహం చూసి "ఇక్కడ సరిపోయిందా?" అని పెన్నుతో తొడుగు మీద గుర్తు పెట్టుకున్నారు. నేను గది బయటికి వెళ్ళి నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి ఏడ్చాను. మా వాళ్ళు చూశారు, ఏమీ అనలేదు.

వాయించే పద్ధతి మారింది, అది దాచను. తొడుగు పెట్టాక తీగ తగలడం తెలియదు కాబట్టి అవసరం కంటే గట్టిగా నొక్కేస్తాం, స్వరం పైకి పోతుంది. అందుకే పవర్ కార్డ్ చిటికెన వేలికి మార్చాను, తీగలు 10 సైజు నుంచి ఇంకా సన్నటి 9కి దించాను, శ్రుతి రెండు మెట్లు (అర స్వరాలు) తగ్గించాను. తీగ వదులైతే వేలికి సుఖం. బ్లాక్ సబ్బాత్ 1971 ఆల్బమ్‌లో మూడు మెట్లు దించడానికి అదీ ఒక కారణం, ఆ బరువైన శబ్దం తర్వాత ఎంతమంది పట్టుకున్నారో లెక్కలేదు. మా బేసిస్టు మాత్రం తీగలు వదులై కొట్టుకుంటున్నాయని రోజూ సణుగుతున్నాడు.

నిన్న గుంటూరుకి మేస్త్రి గారు తన డబ్బులతో బస్సెక్కి వచ్చారు. చెవుల్లో దూది పెట్టుకుని ఆఖరి వరుసలో కూర్చున్నారు. రెండో పాటకే చెమటకి తొడుగు వదులైంది. నేను పక్కకి తిరిగేసరికి ఆయన స్టేజి మెట్ల దగ్గర ఉన్నారు, జేబులోంచి ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు తీసి నా వేలికి రెండు చుట్లు చుట్టి, పైన తొడుగు బిగించి, "కానీ" అన్నారు. అంతే. రాత్రి 10 గంటలకి మైకు కట్టేయాలని పోలీసులు చెప్పారు కాబట్టి చివరి రెండు పాటలు వాయించలేదు, అది వేరే బాధ. అయిపోయాక "ఇంత చప్పుడులో నీ వేలు నీకెట్లా వినపడుద్ది బాబూ" అన్నారు. ఆయన అభిప్రాయం అదొక్కటే. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

అమ్మ, మా ఆవిడ, బావమరిది, వీళ్ళ గురించి ఏం రాస్తాను, వాళ్ళకి తెలుసు. ఆస్పత్రి డబ్బు బావమరిదిదే, ఇస్తాను బావా.

అన్నట్టు మరిచిపోయాను, టాటా ఏస్ డ్రైవర్ అన్న. తెగిన ముక్కని తడి గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసులో పెట్టమని చెప్పింది ఆయనే, నేరుగా ఐసు మీద పెట్టకూడదని ఆయనకి ఎలా తెలుసో. అతకలేదు కానీ ఆ ఆదుర్దా మరవను. అర్ధరాత్రి షట్టర్ తీసి ఐసు ఇచ్చిన సోడా షాపు ఆవిడకీ. వేలు ముట్టుకుంటేనే షాక్ కొట్టినట్టుండే రోజుల్లో, బియ్యం డబ్బాలో పెట్టి తిప్పండి, అలవాటవుతుంది అని చెప్పిన ఫిజియోథెరపీ స్టూడెంట్‌కి, పేరు కూడా అడగలేదమ్మా. నా బదులు రెండు పెళ్ళిళ్ళు వాయించి డబ్బు మా ఇంట్లో ఇచ్చి వెళ్ళిన తెనాలి గిటారిస్టుకి. చెప్పులు కుట్టే పెద్దాయనకి.

ఇంకా, గది పై వాటా ఆంటీ గారికి. ఒకే స్వరం కుదిరేదాకా నెలల తరబడి వాయిస్తుంటే ఓర్చుకున్నారు. నిన్న గుంటూరు నుంచి వస్తూ ఫోన్ చేస్తే సంతోషం నాన్నా అన్నారు, ఇకనుంచి మాత్రం రాత్రి 8 దాటితే వద్దన్నారు. సరే ఆంటీ.