ముందు గడులు గీయించండి, తర్వాత రోబోలు కొనండి: నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

ప్రాథమిక పాఠశాలలకు కోడింగ్ కిట్లు, ట్యాబ్‌లు కొనాలనే ప్రతిపాదన ఏది మీ ముందుకు వచ్చినా, సంతకం పెట్టే ముందు ఈ లేఖ ఒకసారి చదవమని కోరుతున్నాం. మాలో కొందరం చిన్న తరగతుల పిల్లలతో కోడింగ్ ఆటలు, అంటే వరుసగా ఆదేశాలిచ్చి పని చేయించే ఆటలు, ఆడిస్తున్నాం, కొందరం ఆ వస్తువులు పాడైతే బాగుచేస్తున్నాం. మేం అడిగేది ఒకటే. మొదటి ఖర్చు వరండా నేల మీద, అట్టముక్కల మీద పెట్టండి. రోబో ఆ తర్వాత. తెర అన్నిటికన్నా చివర.

2020 జాతీయ విద్యావిధానం కోడింగ్ కృత్యాలను మధ్య దశలో, అంటే 6 నుంచి 8 తరగతుల్లో మొదలుపెట్టమంది. కాబట్టి ఐదో తరగతి లోపు పిల్లలకు తెరలు పంచాలన్న తొందర అక్కర్లేదు. ఏ పని ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు, తప్పు ఎక్కడ పడింది అన్నవి ఆ వయసులో అలవడితే చాలు. వాటికి కావలసిన పలక మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. అదే అష్టాచెమ్మా.

ఐదు వరుసలు, ఇరవై ఐదు గడులు. ఒక్కో గడి 40 సెంటీమీటర్లు ఉంటే మొత్తం రెండు మీటర్ల చదరం అవుతుంది, ఒక పిల్లవాడు గడిలో హాయిగా నిలబడి తిరగగలడు. వాకిట్లో కాకుండా వరండాలో గీయించండి. ఎండాకాలం వాకిట్లో అరికాళ్లు కాలతాయి, సుద్ద గీతలైతే ఒక్క వానకు పోతాయి. ఆయిల్ పెయింట్‌తో గీతలు మాత్రమే వేయాలి. గడి మొత్తం రంగు పులిమితే తడి కాళ్లకు జారుతుంది.

దాంతోపాటు 10 సెంటీమీటర్ల అట్ట కార్డులు కావాలి. ముందుకు 20, ఎడమకు తిరుగు 8, కుడికి తిరుగు 8, మళ్లీ చెయ్యి 4. లామినేషన్ తప్పనిసరి. కార్డు మీద అక్షరాల కంటే బాణం బొమ్మ పెద్దగా ఉండాలి. దేవరకొండ, చందంపేట వైపు తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఒకటో తరగతిలో వాళ్లకు తెలుగు చదువే ఇంకా కొత్త. బాణం అందరికీ అర్థమవుతుంది.

ముగ్గురు ఒక జట్టు. ఒకరు కార్డులు పేరుస్తారు, ఒకరు నడుస్తారు, మూడో పిల్ల కార్డుకు అడుగు సరిపోయిందో లేదో చూస్తుంది. దాదాపు ప్రతి జట్టులో పడే తప్పులు తెలిసినవే. నిలబడ్డ గడినే ఒకటిగా లెక్కపెడతారు, మూడు గడులు ముందుకు అంటే రెండే కదులుతారు. అష్టాచెమ్మాలో కాయ నడిపేటప్పుడు ఉన్న గడిని ఎలా వదిలేస్తారో గుర్తుచేస్తే సరిదిద్దుకుంటారు. 'కుడికి తిరుగు' కార్డు పడితే పక్క గడిలోకి జరుగుతారు. తిరిగేటప్పుడు రెండు కాళ్లూ అదే గడిలో ఉండాలన్న నియమం మొదటి రోజే పెట్టాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లకు నడిచేవాళ్ల కుడి ఎడమగా కనిపిస్తుంది. కార్డులు పేర్చేవాళ్లను వెనక కూర్చోబెడితే మొదటి మలుపు దాకే పని జరుగుతుంది, అందుకని నడిచే పిల్ల కుడి మణికట్టుకు ఎర్ర రిబ్బన్ కట్టడం మేలు.

అసలు చదువు 'మళ్లీ చెయ్యి' దగ్గర ఉంది. పలక అంచు మధ్య గడి నుంచి బయటి చుట్టంతా తిరిగి ఇల్లు, అంటే మొదలైన గడి, చేరమనండి. పదహారు 'ముందుకు' కార్డులు, నాలుగు 'తిరుగు' కార్డులు, మొత్తం ఇరవై పేరుస్తారు. అప్పుడు కార్డులు దాచి ఆరే ఇవ్వండి: ముందుకు, ముందుకు, ఎడమకు తిరుగు, ముందుకు, ముందుకు, వాటి పైన 'నాలుగుసార్లు మళ్లీ చెయ్యి'. ఏ కార్డులు మళ్లీ చేయాలో వాటి చుట్టూ దారం పెట్టించాలి, లేకపోతే చివరి కార్డు ఒక్కటే నాలుగుసార్లు చేస్తారు. గట్టుప్పల్, చండూరు మగ్గాల ఇళ్ల పిల్లలకు ఇది త్వరగా పట్టుబడుతుంది. నేతకు ముందు దారం సిద్ధం చేస్తూ ఆసు పోసేటప్పుడు మేకుల చుట్టూ దారం ఒకే వరుసలో తిరగడం వాళ్లు చూసే ఉంటారు.

మరి రోబో ఎందుకు? నడిచే పిల్ల నేస్తం కాబట్టి. కార్డు తప్పున్నా, స్నేహితురాలు ఏం చెప్పదలుచుకుందో ఊహించి సరైన గడికే వెళ్తుంది. యంత్రం ఊహించదు, చెప్పిందే చేస్తుంది. 1967లో పిల్లల కోసం పుట్టిన లోగో అనే కంప్యూటర్ భాషకు కొన్నేళ్లకే నేల మీద పాకే తాబేలు రోబో తోడైంది. వీపు మీది బటన్లు నొక్కితే నడిచే బీ-బాట్ వంటి నేటి బొమ్మ రోబోలు ఆ దారిలోవే. ఒక్కో నొక్కుకు 15 సెంటీమీటర్లు జరుగుతాయి, 90 డిగ్రీలు తిరుగుతాయి. అంటే 75 సెంటీమీటర్ల చదరపు ఫ్లెక్సీ వెనక వైపు గీస్తే అదే అష్టాచెమ్మా పలక. ఫ్లెక్సీని చుట్టి దాచాలి, మడత పెడితే ఆ మడత దగ్గర చక్రం ఆగుతుంది. బండల నేల మీద నేరుగా వదిలితే అతుకుల్లో చక్రం తట్టుకుని దారి తప్పుతుంది. దుమ్ము పట్టిన చక్రాలు జారి, మలుపు కొంచెం తక్కువ తిరుగుతాయి. నాలుగు మలుపులయ్యేసరికి పక్క గడిలో ఉంటుంది. రోబో పాడైందని బీరువాలో పెట్టేస్తారు, తడిగుడ్డతో తుడిస్తే సరిపోయేది. ఇంకో చిక్కు చెరుపు బటన్. దాన్ని నొక్కకపోతే పాత ఆదేశాల వెనక కొత్తవి చేరి రోబో ఎటో వెళ్తుంది.

నాలుగు, ఐదు తరగతులకు మైక్రోబిట్ అనే చిన్న కంప్యూటర్ పలక సరిపోతుంది. 2016లో బీబీసీ బ్రిటన్ బడిపిల్లలకు పంచిన ఈ పలక మీద ఉన్నవీ ఐదు వరుసల్లో ఇరవై ఐదు దీపాలే, నేల మీద నడిచిన దారిని పిల్లలు దీపాలతో వెలిగించవచ్చు. ఇక్కడ ఎక్కువగా పని ఆపేది కేబుల్. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ పెడితే దీపం వెలుగుతుంది కానీ కంప్యూటర్‌కు పలక కనిపించదు. సరఫరాదారు కేబుళ్లను ముందుగానే కంప్యూటర్‌కు తగిలించి చూపించాలి. బ్యాటరీ తీగ పట్టి లాగితే మొదలు దగ్గర తెగుతుంది, పది పలకలకు మూడు బ్యాటరీ పెట్టెలు అదనంగా ఉండాలి.

టెండరులో ఒక షరతు విషయంలో మాత్రం దయచేసి పట్టువిడవకండి. గుండీ బ్యాటరీలు, అంటే నాణెంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలు, ఉన్న ఏ వస్తువూ ప్రాథమిక తరగతుల్లోకి రాకూడదు, తప్పనిసరైతే మూత స్క్రూతో బిగించి ఉండాలి. మింగిన గుండీ బ్యాటరీ రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చగలదు. ధర తక్కువని ఇందులో రాజీపడితే ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రతి బడికీ రోబో అక్కర్లేదు. చుట్టుపక్కల బడులన్నీ కలిసిన ఒక్కో స్కూల్ కాంప్లెక్స్‌కు నాలుగు రోబోలున్న పెట్టె ఒకటి చాలు, రెండు వారాలకోసారి బడి మారుతుంది. గడి, కార్డులు మాత్రం ప్రతి బడికీ కావాలి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఆరుగురు గడి మీద ఉంటే మిగతావాళ్లు లెక్కలు చేసుకుంటారు, ఇరవై నిమిషాలకు జట్టు మారుతుంది. ఉపాధ్యాయుల శిక్షణ ప్రొజెక్టర్ ముందు వద్దు. సార్లూ టీచర్లూ గడి మీద స్వయంగా నడవాలి, కార్డు తప్పు పేర్చాలి, తప్పు వెతకాలి.

కొనుగోలు కమిటీలో కింది తరగతులు చెప్పే ఎస్‌జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) ఇద్దరికి చోటివ్వండి. నమూనా వస్తువును ఒక వారం ఏదైనా బడిలో పిల్లల చేతికిచ్చి, విరిగినవేమిటో రాయించాకే బిల్లు పాస్ చేయించండి.

ఇట్లు,
ప్రాథమిక తరగతుల కోడింగ్ ఆటలతో పనిచేస్తున్న ఉపాధ్యాయులు, సాంకేతిక కార్యకర్తలు,
నల్లగొండ