బిర్సాకు దండలు సరే, మన గూడల భూమి సంగతేంటి?

సంపాదకుల వారికి,

నవంబరు 15 వస్తే గిరిజన పోరాట నాయకుడు బిర్సా ముండా జయంతి హడావిడి మన శ్రీకాకుళం జిల్లాలోనూ కనిపిస్తోంది. పటానికి దండ, గిరిజన నృత్యాలు, ఫొటోలు. చేయాల్సిందే, కాదనను. కానీ ఆ మనిషి దేనికోసం ప్రాణం పోగొట్టుకున్నాడో వేదిక మీద చెప్పేవాళ్లు తక్కువ.

బిర్సా 1875లో ఇప్పటి జార్ఖండ్‌లోని ఉలిహాతులో పుట్టారు. ఆయన తెగ ముండాల తాతముత్తాతలు అడవి కొట్టి సాగులోకి తెచ్చిన భూమి వంశమంతటికీ ఉమ్మడి. జమీందార్లు, వడ్డీ వ్యాపారులు కలిసి ఆ భూమి మీదే వాళ్లను కౌలుదార్లుగా, వెట్టివాళ్లుగా మార్చారు. క్రైస్తవ మిషన్ బడిలో చదివిన బిర్సా తర్వాత ఆ దారి వదిలి, తనవాళ్లకు తనదైన మతం బోధించి, 1899 చివర్లో తిరుగుబాటు లేవదీశారు. 1900 జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయేనాటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. గిరిజన భూమి బయటివాళ్ల పాలు కాకుండా 1908లో వచ్చిన ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వెనక ఉన్నది ఆ పోరాటమే.

ఎక్కడి రాంచీ, ఎక్కడి మన మందస అనుకోనక్కర్లేదు. గిడుగు రామమూర్తి గారు నేర్చుకుని వ్యాకరణం రాసిన మన సవర గిరిజనుల భాషదీ ముండా భాషా కుటుంబమే. భూమి గొడవా అదే. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సభకు బయల్దేరిన గిరిజనులు కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత శ్రీకాకుళం కొండలు గిరిజన తిరుగుబాటుతో ఎలా భగ్గుమన్నాయో పెద్దవాళ్లకు తెలుసు. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వచ్చింది ఆ రోజుల్లోనే.

అయితే 1/70 షెడ్యూల్డ్ ఏరియా, అంటే రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించిన గీత, దాటి పనిచేయదు. మెళియాపుట్టి, మందస వైపు కొండల్లో ఎన్నో సవర గూడలు ఆ గీతకు బయటే ఉండిపోయాయి. ఆసుపత్రి ఖర్చుకో, పెళ్లికో షావుకారు దగ్గర అప్పు చేసి, జీడితోట తాకట్టు పెడితే ఆ తోట మళ్లీ చేతికొస్తుందన్న నమ్మకం లేదు. జీడి పిక్కల ధర కూడా అప్పిచ్చినవాడు చెప్పిందే. పైగా 2022లో జిల్లాలు విడదీశాక గిరిజనుల పనులు చూసే సీతంపేట ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పార్వతీపురం మన్యం జిల్లాకు పోయింది. మొర పెట్టుకోవడానికి మనవాళ్లు ఇప్పుడు పక్క జిల్లాకు పోవాలా?

షెడ్యూల్డ్ ఏరియాను పెంచే అధికారం, గవర్నరును సంప్రదించి, రాష్ట్రపతికి ఉందని రాజ్యాంగం అయిదో షెడ్యూలే చెబుతోంది. రాష్ట్ర ప్రభుత్వం ఈ గూడల జాబితా తయారుచేసి పంపాలి. అది తేలేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ఏరియా అన్న పట్టింపు లేదు. దాని కింద ఇచ్చిన పట్టా పిల్లలకు వస్తుంది తప్ప అమ్మడానికి కుదరదు. అధికారులు గూడల్లోనే గ్రామసభలు పెట్టించి, పోడు సాగుదారుల దరఖాస్తులతో పాటు ఊరుమ్మడి అటవీ హక్కుల దరఖాస్తులూ తీసుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.

- ఒక పాఠకుడు, మెళియాపుట్టి, శ్రీకాకుళం జిల్లా