గంధం–మిరియాల సెంటు: లేడీసా, జెంట్సా?

నమస్తే. కొత్త బ్యాచ్ సీసాల్లోకి ఎక్కింది, ఈ వారం నుంచి పార్సిళ్లు బయల్దేరతాయి. ఈలోగా మీరు అడుగుతున్నవాటికి సూటిగా జవాబు చెబుదామని రాస్తున్నాను.

అందరూ అడిగేది, "ఇది లేడీసా, జెంట్సా?" అని. కొందరైతే రెండుగా చేసి, ఆడవాళ్లదాన్లో కాస్త మల్లె కలపమంటున్నారు. కలపను. ఈ సెంటు తయారుచేస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది ఒకే రకం మనిషి. ఎదురుపడగానే కాస్త బెరుకు పుడుతుంది. మాట కరుకు, మొహమాటానికి నవ్వరు. పక్కన కూర్చుని కాసేపు మాట్లాడితే మాత్రం ఇంత నమ్మకమైన మనిషి ఇంకొకరు లేరనిపిస్తుంది. ఆస్పత్రి పనైనా, పెళ్లి పనైనా ముందు వాళ్లకే ఫోన్ చేస్తాం. అలాంటివాళ్లు మా ఇంట్లో ఆడవాళ్లలోనూ ఉన్నారు, మగవాళ్లలోనూ ఉన్నారు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. మల్లె వేస్తే ఆ మనిషి కాస్తా వేరే మనిషైపోతారు.

ముందు తగిలే ఆ కరుకుదనం మిరియాలది. పాడేరు, చింతపల్లి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన తీగల కాయ. ఆవిరి పట్టి నూనె తీసినప్పుడు నాలుక మండించే పైపరిన్ పైకి రాదు, పిప్పిలోనే ఉండిపోతుంది. అందుకే సీసాలో ఘాటు ఉంటుంది, కారం ఉండదు. మణికట్టు మీద కొట్టుకుని, రుద్దకుండా వదిలేసి చూడండి. అప్పుడే దంచిన మిరియాల వాసన గుప్పుమంటుంది, అందులో సన్నగా నిమ్మతొక్క వాసన కూడా. వెనకాలే యాలకులు. లవంగం మాత్రం బాగా తక్కువ వేశాం, అందులోని యూజినాల్ కొందరి చర్మానికి పడదు. అరగంటకి ఇదంతా సద్దుమణిగి గంధం, దేవదారు, అడుగున తడిమట్టి వాసనతో వట్టివేరు మిగులుతాయి. నాకు ప్రాణం అక్కడే. కొనేముందు ఆ అరగంటా ఆగండి.

ఎర్రచందనమా అని కూడా అడుగుతున్నారు. కాదు. ఎర్రచందనం విలువ రంగుకీ చేవకీ, దానికి వాసన దాదాపు ఉండదు. మేం వాడేది శ్రీగంధం, సింహాచలంలో అప్పన్న స్వామికి పూసేది. చందనోత్సవానికి కొండెక్కినవాళ్లకి ఆ వాసన నేను చెప్పక్కర్లేదు. అయితే గంధం చెట్టు చేవ పట్టి మంచి నూనె దిగాలంటే పదిహేనేళ్లకి పైనే పడుతుంది. మొత్తం దాంతోనే చేస్తే ఆ ధరకి మీరు కొనలేరు, నేను అమ్మలేను. అందుకని కొంత శ్రీగంధం, దానికి తోడు ఐసో ఈ సూపర్ అని ల్యాబ్‌లో తయారయ్యే చెక్క వాసన వాడుతున్నాం. 1970ల నుంచి పెద్దపెద్ద పెర్ఫ్యూముల్లో ఉన్నదే. ఇది కొందరి ముక్కుకి అందదు. మీకు ఏమీ తెలియకపోతే పక్కవాళ్లని అడిగి చూడండి.

రోజంతా ఉంటుందని డబ్బా మీద రాయమని షాపువాళ్లు అంటున్నారు. రాయం. మన ఉక్కపోతలో మధ్యాహ్నంపూట మద్దిలపాలెం నుంచి గాజువాక బస్సెక్కితే మిరియాల ఘాటు సగం దారిలోనే పోతుంది. గంధం నిలుస్తుంది కానీ దగ్గరికొచ్చినవాళ్లకే తెలుస్తుంది. ఇంకా ఘాటు పెంచమంటే నాకు ఇష్టం లేదు. ఈ మనిషి గదిలోకి అరుచుకుంటూ వచ్చే రకం కాదు. ఎక్కువసేపు ఉండాలనుకుంటే నూలు బట్టల మీద కొట్టుకోండి. పట్టుచీర మీద వద్దు, మరక పడుతుంది.

ఇక ధర. గంధం నూనె రేటు పెరిగింది. గంధం మోతాదు తగ్గించడానికి మనసొప్పక సీసానే 50 మి.లీ. నుంచి 30 మి.లీ.కి దించాం. డబ్బా పాతదానిలాగే ఉంటుంది కాబట్టి ముందే చెబుతున్నాను, మి.లీ. లెక్కన చూస్తే మీకు పాతదానికంటే ఎక్కువే పడుతుంది. కొత్తగా కొనేవాళ్లు ముందు 2 మి.లీ. శాంపిల్ తెప్పించుకుని, ఓ రెండు రోజులు వాడి చూడండి. నచ్చి సీసా తీసుకుంటే శాంపిల్ డబ్బు అందులో తగ్గిస్తాం.