‘దేవుని చిత్తం’ అని చెప్పి ఫోన్ పెట్టేయకండి

సంపాదకులు గారికి నమస్కారం. క్రిస్మస్ దగ్గరికొస్తే మీరు చర్చిల లైటింగ్ ఫొటోలు వేస్తారు, సంతోషమే. ఈసారి నా మాటకి కూడా కాస్త చోటివ్వండి.

పోయిన ఏడాది నవంబరులో మా ఆయనకి పక్షవాతం వచ్చింది. ఆయన టైలర్, మెట్టుగూడలో చిన్న షాపు. పండగ సీజన్ కదా, షాపు నిండా కత్తిరించి పెట్టిన గుడ్డలు, ఆయనేమో ఐసీయూలో, నేను బయట ఇనుప కుర్చీలో. ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్కలేదు. ‘దేవుని చిత్తం అమ్మా, అంతా మేలుకే’ అని ఒక వాక్యం చెప్పి, ప్రార్థన చేస్తామని పెట్టేసేవాళ్ళు. అది అబద్ధం కాదు, బైబిల్లో రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఉన్న మాటే, నేనూ పదిమందికి చెప్పిందే. కానీ ఆ రోజు చెవిన పడిందే గానీ లోపలికి దిగలేదు.

మూడో రోజు మా చర్చి సంఘంలో ఒక పెద్దావిడ రెండు బస్సులు మారి వచ్చారు. బైబిల్ తెరవలేదు. సంచిలోంచి దువ్వెన తీసి ‘ఇటు తిరుగమ్మా’ అని, చిక్కులు కట్టిన నా జుట్టు మెల్లగా విడదీసి జడ వేశారు. ఏడుపు అప్పుడొచ్చింది నాకు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని బాధపడ్డ యోబు స్నేహితులు కూడా మొదట ఏడు రాత్రింబగళ్ళు నోరు మెదపకుండా అతనితో నేల మీద కూర్చున్నారు, అంతవరకూ బాగానే ఉన్నారు, మాట్లాడటం మొదలుపెట్టాకే చెడిపోయింది, చివరికి దేవుడే వాళ్ళని కోప్పడ్డాడు.

తర్వాత మా సంఘంలోనే ఉన్న ఇంకో టైలర్ తమ్ముడు షాపు తాళాలు అడిగి తీసుకుని, మా దగ్గర మిగిలిపోయిన పదకొండు జాకెట్లు రాత్రిళ్ళు కూర్చుని కుట్టి ఇచ్చేశాడు. కూలి తీసుకోలేదు.

మా ఆయన కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. ఎందుకిలా అంటే నా దగ్గర జవాబు లేదు. దేవుడు సింహాసనం మీదే ఉన్నాడని మాత్రం ముందుకంటే గట్టిగా నమ్ముతున్నాను, ఆ నమ్మకం నాకు నిలబడింది ఆ దువ్వెన వల్ల, ఆ జాకెట్ల వల్ల.

మీరు ఏటా ఫొటో వేసే మెదక్ చర్చి సంగతీ ఇంతే. 1924 క్రిస్మస్‌కి ప్రతిష్ఠ అయిన ఆ గుడిని పాస్నెట్ అనే మిషనరీ దొరగారు కరువులో ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చి, అన్నం పెట్టి కట్టించారు. కరువు దేవుని చిత్తం అని చెప్పి ఊరుకుని ఉంటే అక్కడ ఏముండేది?

కరోనాలో మొదలైన ఆన్‌లైన్ ఆరాధనని కొందరు ఇంకా వదల్లేదు. మంచాన ఉన్నవాళ్ళకి అది వరమే, మా ఆయనా ఫోన్‌లోనే చూస్తున్నారు. కాళ్ళు బాగున్నవాళ్ళు కూడా సోఫాలో కూర్చుని చూసేస్తే పక్క ఇంట్లో ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఎలా తెలుస్తుంది?

పాస్టర్ గార్లకి ఒక మనవి. ఆదివారం రోగుల పేర్లు చదివి ప్రార్థించడంతో ఆపకండి. ఈ వారం ఆ ఇంటికి ఎవరెవరు వెళ్తున్నారో కూడా అడగండి, చెయ్యెత్తినవాళ్ళ పేర్లు అక్కడే రాసుకోండి.

– ఒక పాఠకురాలు, మెట్టుగూడ, సికింద్రాబాద్